తేనె రంగు దూది

"ఆర్విడ్ సండ్‌క్విస్ట్ ఈ వేసవి దాటడు. ఈలోగా అతన్ని ఎవరూ చంపకుండా చూడటం నీ పని," అన్నాడు మాడిగన్.

వెస్లీ క్రౌడర్ నవ్వలేదు. మాడిగన్ అతని పై అధికారి, నవ్వించడానికి మాట్లాడే మనిషి కాదు. యురేకా రేవులో, చేపల పడవలకు ఎదురుగా కారు ఆపుకుని ఇద్దరూ కూర్చున్నారు. అద్దాల బయట పొగమంచు, ఒళ్ళో చల్లారిపోతున్న చేపల చౌడర్ సూప్ గిన్నెలు.

"జబ్బేమిటి బాస్?"

"ఎముకల్లో క్యాన్సర్. డాక్టర్లు చేతులెత్తేశారు."

"మనకెందుకు పనికొస్తాడు?"

"మేస్త్రీ మొహం చూసినవాడు మనకు దొరికింది అతనొక్కడే."

మేస్త్రీ అన్నది వాళ్ళు పనిచేసే బ్యూరో, అంటే గూఢచారులను పట్టే ప్రభుత్వ శాఖ, పెట్టిన సంకేతనామం. పరాయి దేశపు గూఢచారి ముఠాను పశ్చిమ తీరం పొడవునా కట్టుకుంటూ వచ్చిన పెద్దమనిషి అతను. ఆర్విడ్ ఆ ముఠాకు సగం జీవితం రసాయనాలు కలిపి పెట్టాడు. చావు దగ్గరపడ్డాక మనసు మారిందో, ముఠా మీద కోపమొచ్చిందో, జడ్జి ఎదురుగా కెమెరా పెడితే మేస్త్రీ పేరు చెబుతానని కబురు పంపాడు.

"మేస్త్రీ దొరికితే?"

"మార్పిడి. మేస్త్రీని వాళ్ళకిస్తాం, నార్మ్‌ని వాళ్ళు మనకిస్తారు."

వెస్లీ చెంచా కింద పెట్టేశాడు. నార్మ్ పెలెటియర్ అతని జోడీ. ఒక విదేశీ రేవులో ఇద్దరూ పారిపోతుంటే వెస్లీ కాలు మడతపడింది. నార్మ్ వెనక్కి వచ్చి అతన్ని పడవలోకి తోశాడు, తను ఎక్కేలోపు దొరికిపోయాడు. అప్పటి నుంచి అక్కడి జైల్లో ఉన్నాడు. వెస్లీ కడుపు నిండా తిన్న పూట లేదు.

"నా వేషం?"

"వేపరైజర్లు, అదే మందును ఆవిరి చేసి పీల్చే యంత్రాలు, బాగుచేసే మెకానిక్."

"నాకా పని రాదే."

"నేర్చుకో. ముసలాయన మార్ఫిన్ తీసుకోడు. అది ఎక్కితే చచ్చిపోయిన వాళ్ళమ్మతో స్వీడిష్‌లో కబుర్లు చెబుతాడు, ఆ కబుర్లు జడ్జికి పనికిరావు. గంజాయి రోజిన్ రెండు గుక్కలు పీలిస్తే మాత్రం నొప్పి కాస్త తగ్గుతుంది, బుర్ర నిలకడగా ఉంటుంది. డాక్టర్ రాసిచ్చాడు కూడా. అంటే మన కేసు మొత్తం ఆ యంత్రం మీద నిలబడి ఉంది. అది చెడిపోకూడదు."

ఇంకో సంగతి కూడా చెప్పాడు. యంత్రం అడుగున మైక్రోఫోన్ అమర్చారట. కొండ కింద వ్యాన్‌లో కూర్చుని మాడిగన్ మనుషులు వింటూ ఉంటారు. ప్రమాదం వస్తే చెప్పాల్సిన సంకేతం: గాజు పగిలింది.

ఆర్కేటాలో ఒక చిన్న దుకాణంలో కూర్చుని వెస్లీ ఆ విద్య నేర్చుకున్నాడు. చూడటానికి బ్రహ్మవిద్యేం కాదు. అడుగున బ్యాటరీ, దాని మీద మర తిప్పి బిగించే పింగాణీ కప్పు, ఆ పైన నీళ్ళు పోసిన గాజు బుడ్డి. బియ్యపు గింజంత రోజిన్, అంటే గంజాయి పూలను నొక్కి తీసిన మైనం, కప్పులో వేసి మూత పెట్టి మీట నొక్కాలి. కప్పు వేడెక్కాక యంత్రం చేతిలో ఒక్కసారి వణుకుతుంది. అప్పుడు నింపాదిగా పీల్చాలి. నీలం దీపం వెలిగితే తక్కువ వేడి, ఎరుపు వెలిగితే ఎక్కువ.

అసలు పనంతా ఆ తరవాత ఉంది. కప్పు గోరువెచ్చగా ఉండగానే దూది పుల్లతో అడుగూ అంచులూ తుడవాలి. చల్లారాక స్పిరిట్ చుక్కతో మళ్ళీ తుడవాలి. ఇనప పుల్లతో గీకితే పింగాణీ పాడవుతుంది, వేడి కప్పులో స్పిరిట్ పోస్తే కనుబొమలు కాలతాయి. నీలం దీపం మీద పీల్చి, వెంటనే తుడిచే కప్పు నుంచి దూది తేనె రంగులో వస్తుంది. ఎర్ర దీపం మీద మాడ్చి వదిలేస్తే నల్లగా వస్తుంది, ఆ నలుపు ఇక ఎంత రుద్దినా పోదు. ఆ ఊళ్ళో జనం పళ్ళు తోముకుంటారేమో గానీ ఈ కప్పును మాత్రం తుడవరు. దుకాణానికి వచ్చిన ప్రతి కప్పూ బొగ్గుల కుంపటిలా ఉండేది. "తుడవండి సార్, తుడిస్తే మీ సొమ్మేం పోదు," అని చెప్పీ చెప్పీ వెస్లీ గొంతు బొంగురుపోయింది.

ట్రినిడాడ్ దగ్గర సముద్రం మీదికి వంగిన కొండ అంచున ఆర్విడ్ ఇల్లు. వెస్లీ పనిముట్ల పెట్టెతో లోపలికి వెళ్ళేసరికి ముసలాయన దిళ్ళ మధ్య కూర్చుని ఉన్నాడు. చూపు సగం మందగించింది, నాలుక మాత్రం పదునుగానే ఉంది.

"ఏరా మెకానిక్కూ, నువ్వు నిజంగా మెకానిక్‌వేనా?"

"ఏం పెద్దాయనా, అనుమానమా?"

"గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి."

"తుడిచే పని కదా మరి."

ముసలాయనకు ఆ జవాబు నచ్చింది. ఆ రోజు నుంచి కప్పు తుడిస్తే గానీ రోజిన్ వెయ్యనిచ్చేవాడు కాదు. వాడిన దూది పుల్లలన్నీ మంచం పక్కన గాజు సీసాలో వేయించేవాడు. "నా దగ్గర ఇంకా సవ్యంగా జరుగుతున్నది ఇదొక్కటే. కళ్ళ ముందు ఉండనీ," అనేవాడు. సీసా తేనె రంగుతో నిండుతూ వచ్చింది, మనిషి తరుగుతూ వచ్చాడు.

ఆ ఇంట్లో డెల్ఫీన్ కూడా ఉండేది, నర్సు వేషంలో. బ్యూరో భాషల విభాగంలో ఆమె నడవాలో నడిచి వెళ్తే టైపు చేసేవాళ్ళ వేళ్ళు తడబడేవి. మెడకు ఆకుపచ్చ పట్టు స్కార్ఫ్, మాటకు ముందే వచ్చే నవ్వు. నార్మ్ దొరికిపోయిన ఏడాది వెస్లీని మళ్ళీ మనిషిని చేసింది ఆమే. ముఠా ఉత్తరాలను పట్టుకుని చదివే ఉద్యోగం కనుక నార్మ్ క్షేమసమాచారం కూడా ఆమే తెచ్చేది. చలికోటు ఇచ్చారట, పంటి నొప్పి తగ్గిందట. వెస్లీకి ఆ ముక్కలే పరమాన్నం.

"కన్నతల్లి పసివాడి ముక్కు కూడా ఇన్నిసార్లు తుడవదు," అనేది అతన్ని చూసి.

"నువ్వూ నేర్చుకోరాదా?"

"ఆ కంపు కప్పులో తొంగిచూడటం నా వల్ల కాదు బాబూ."

జడ్జి వచ్చే ఉదయం పొగమంచు కిటికీలకు అంటుకుపోయింది. ఆర్విడ్ పళ్ళ బిగువున నొప్పిని ఆపుకుంటున్నాడు. జడ్జి ఎదురుగా కూర్చున్నాకే పీలుస్తానని పంతం పట్టాడు, మాట మధ్యలో మందు తగ్గిపోకూడదని. అప్పుడు డెల్ఫీన్ ఫోన్ చెవి నుంచి తీసింది.

"జడ్జి హోబర్ట్ డ్రైవర్‌కు మలుపు కనపడటం లేదట. నువ్వు రోడ్డు దాకా వెళ్ళు వెస్. యంత్రం నేను సిద్ధం చేస్తాను."

"తుడవడం..."

"ఆయన నన్ను తుడవకుండా వదులుతాడా? వెళ్ళు."

వెస్లీ లాంతరు పట్టుకుని వెళ్ళాడు. పాపం జడ్జిగారి కారు నిజంగానే ముళ్ళపొదలో ముక్కు పెట్టి నిలబడి ఉంది. దాన్ని దారికి తెచ్చి, ఆ పెద్దావిడను మెట్లెక్కించి, కెమెరా పెట్టె మోసుకుంటూ గదిలోకి వచ్చేసరికి డెల్ఫీన్ యంత్రాన్ని ఆర్విడ్ చేతుల్లో పెడుతోంది.

"తుడిచిందిరా మీ నర్సు. దగ్గరుండి తుడిపించాను," అన్నాడు ముసలాయన గర్వంగా. అతని మసక కళ్ళకు అంతవరకే కనిపించింది.

వెస్లీ అలవాటుగా సీసా వైపు చూశాడు. అన్ని తేనె రంగు పుల్లల మీద ఒక్క నల్ల పుల్ల అడ్డంగా పడి ఉంది.

ఆ కప్పు నుంచి నల్ల దూది రావడానికి వీల్లేదు. అది అతను తుడిచే కప్పు కాదు.

యంత్రం మీద ఎర్ర దీపం వెలుగుతోంది. ఆర్విడ్ చేతుల్లో అది వణికింది. ముసలాయన గాజు గొట్టాన్ని పెదాలకు ఆనించుకున్నాడు.

"గాజు పగిలింది," అంటూనే వెస్లీ కెమెరా పెట్టెతో దాన్ని ఒక్క పోటు పొడిచాడు. బుడ్డి గోడకు తగిలి నిజంగానే ముక్కలైంది. డెల్ఫీన్ చెయ్యి స్కార్ఫ్ కిందికి వెళ్ళింది. చిన్న పిస్తోలు బయటికి వచ్చేలోపు వెస్లీ ఆమె మణికట్టు పట్టి మెలిపెట్టాడు. అదే చేతిని అతను ఎన్నో సాయంత్రాలు పట్టుకుని నడిచాడు. నేల మీద పడిన కప్పు నుంచి సన్నగా ఊదారంగు పొగ లేచింది. జడ్జి హోబర్ట్ ఏమీ అడగకుండా కిటికీ తెరిచింది.

మంచం కోడుకు బేడీలు వేశాక డెల్ఫీన్ అడిగింది, "ఎలా తెలిసింది?"

"దూది."

"మా ముఠావాళ్ళు విషం కప్పును కావాలనే మాడ్చారు, పాతదానిలా కనిపించాలని. ఊళ్ళో అందరి కప్పులూ అలాగే ఉంటాయన్నారు."

"అందరివీ అలాగే ఉంటాయి," అన్నాడు వెస్లీ. "నా కప్పు ఏది?"

"సముద్రంలో."

అతను నేల మీద గాజు పెంకులు ఏరుతున్నాడు. ఆమె మెల్లిగా అంది, "ఇదంతా నార్మ్ కోసమే కదూ? నార్మ్ లేడు వెస్. పోయిన చలికాలంలో, జైలు ఆసుపత్రిలో. నీకు చెప్పాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది."

"అబద్ధం."

"ఆ పంటి నొప్పి, చలికోటు... అవన్నీ నేను అల్లినవి. నువ్వు తినడం మానేస్తావని."

అప్పుడే మాడిగన్ ఆయాసపడుతూ లోపలికి వచ్చాడు. వ్యాన్‌లో అతను అంతా విన్నాడు.

"బాస్, నార్మ్ బతికే ఉన్నాడా?"

మాడిగన్ తన బూట్లకు అంటిన బురద వైపు చూసుకున్నాడు. "ఇంకా ఖాయం కాలేదు."

"ఎప్పటి నుంచి ఖాయం కాలేదు?"

"చలికాలం నుంచి."

 ఒకరు ప్రేమతో దాచారట, ఇంకొకరు పని జరగాలని దాచారు. చచ్చిపోయిన స్నేహితుడి కోసం వెస్లీ ఇన్నాళ్ళూ ఒక కప్పును తుడుస్తూ కూర్చున్నాడు. ఏడుపొచ్చింది గానీ, ఆ ఇద్దరి ముందు ఏడవడం ఇష్టం లేక గాజు పెంకులే ఏరాడు.

మంచం మీద నుంచి మూలుగు వినిపించింది. ఆర్విడ్ దిండు కొరుకుతున్నాడు. మార్ఫిన్ వెయ్యమంటారా అని జడ్జి అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"మీవాడు పోయాడన్నమాట," అన్నాడు వెస్లీతో, ఊపిరి చిక్కబట్టుకుంటూ.

"పోయాడట."

"మరి నేను పేరు చెప్పి నీకేం లాభం?"

"నాకేం లేదు పెద్దాయనా."

"నాకూ లేదు. రేపు పొద్దున నేనుండను." ముసలాయన చెయ్యి చాచాడు. "అయినా ఆ రెండు గుక్కలూ ఇప్పించరా. చెప్పకుండా పోతే ఆ మేస్త్రీగాడు నా చావుకు నవ్వుకుంటాడు."

వెస్లీ పనిముట్ల పెట్టె తెరిచాడు. కొత్త కప్పు ఒకటి, మారు గాజు బుడ్డి ఒకటి ఎప్పుడూ అందులో ఉండేవి. బ్యాటరీకి ఏమీ కాలేదు. మర తుడిచి కొత్త కప్పు బిగించాడు.

"ఇంకెంతసేపు?" అన్నాడు మాడిగన్.

"కొత్త కప్పును మొదట ఖాళీగా కాల్చాలి. ఫ్యాక్టరీ మురికి పోవాలి."

"అటు మనిషి పోతున్నాడయ్యా. ఇప్పుడు మురికి లెక్కా?"

"కాల్చాలి," అన్నాడు వెస్లీ. కిటికీ దగ్గర నిలబడి ఖాళీ కప్పును కాల్చి చల్లార్చాడు. ఆ సేపంతా ముసలాయన నొప్పిని కళ్ళారా చూడాల్సి వచ్చింది. అయినా తొందరపడలేదు. ఇంతమంది ఇన్ని రకాలుగా మోసం చేసిన మనిషికి తన చేత్తో మురికి పొగ ఇవ్వడం అతనికి మనసొప్పలేదు.

నీలం దీపం వెలిగింది. యంత్రం వణికింది. నీళ్ళు గుడగుడలాడాయి. ఆర్విడ్ రెండు గుక్కలు పీల్చి, దగ్గి, నుదుటి ముడతలు సడలాక జడ్జి వైపు తిరిగాడు.

"రాసుకోండమ్మా. శాక్రమెంటోలో ఈత కొలనులు కట్టే కాంట్రాక్టర్ ఒకడున్నాడు. పేరు గ్లెన్ హోల్‌కోమ్. గవర్నర్ ఆఫీసు వాళ్ళకు కూడా వాడే కట్టాడు."

బేడీల చివర డెల్ఫీన్ కళ్ళు మూసుకుంది. అంతటితో మేస్త్రీ కథ ముగిసింది. హోల్‌కోమ్‌ను అదే మధ్యాహ్నం ఒక ఖాళీ కొలను అడుగున, కొలత టేపుతో సహా పట్టుకున్నారు. అతనికి బదులుగా అవతలివాళ్ళు మరెవరినో ఇచ్చారు. వెస్లీ ఆ మనిషి పేరు అడగలేదు.

ఆర్విడ్ పొద్దు వాలకముందే పోయాడు. వెస్లీ చివరిసారి కప్పు తుడిచాడు. దూది తేనె రంగులో వచ్చింది. దాన్ని సీసాలో వేసి మూత పెట్టాడు.

"సాక్ష్యం కదయ్యా అది, తుడుస్తావేమిటి?" అన్నాడు మాడిగన్. "సర్లే. సోమవారం ఆఫీసుకు రా. పతకం ఇస్తారు, కొత్త కేసు కూడా ఉంది."

"రాను బాస్. సోమవారం ఆర్కేటా దుకాణంలో నాకు డ్యూటీ ఉంది."

"అది వేషం కోసం పెట్టిన ఉద్యోగం."

"కావచ్చు," అన్నాడు వెస్లీ పనిముట్ల పెట్టె మూస్తూ. "అక్కడైతే జనం చచ్చిపోయిందని తెచ్చిన యంత్రం కూడా తుడిస్తే ఒక్కోసారి వెలుగుతుంది."