పదకొండు గంటల బ్యాకప్

మొదటిరోజే మున్నీ వెస్లీని నిలదీసింది.

"బ్యాకప్ అంటే ఫైళ్లు భద్రంగ ఉంచుడా సార్, మాకే దొర్కకుండ దాచుడా?"

అఫ్జల్‌గంజ్‌లో యూనుస్ భాయ్ పెళ్లికార్డుల ప్రెస్‌లో మున్నీ డిజైనర్. అక్కడి కంప్యూటర్లో లైనక్స్ పెట్టినవాడు వెస్లీ. రోజూ పదకొండింటికి కార్డుల ఫైళ్లన్నీ వాటంతటవే ఇంకో డిస్కులోకి కాపీ అయ్యేలా స్క్రిప్టు రాశాడు. అందులో ఒక లైను తప్పు పడింది. కాపీ కాగానే ఫైళ్లన్నీ అడ్మిన్ పేరు మీదికి మారిపోయేవి. మున్నీ తెరవబోతే 'పర్మిషన్ డినైడ్' అని వచ్చేది.

వెస్లీ జహనుమా నుంచి బండి మీద వచ్చి, వాటిని మళ్లీ ఆమె పేరున పెట్టి వెళ్లేవాడు. తప్పు లైను మూడోరోజే కనిపించింది. దిద్దితే ఇక రావలసిన పనిలేదు. అందుకని దిద్దలేదు. కంప్యూటర్ బాగుచేయడానికి రోజూ ఇస్త్రీ చొక్కా ఎందుకో యూనుస్ భాయ్‌కి తప్ప ప్రెస్‌లో అందరికీ అర్థమైంది.

నాలుగో వారం ఒక పెళ్లివారు ప్రూఫ్ కోసం గంటసేపు కూర్చుని లేచిపోయారు. యూనుస్ భాయ్ మున్నీ మీద మండిపడ్డాడు. కంప్యూటర్ చేతకాకపోతే ఇంకో అమ్మాయిని పెట్టుకుంటానన్నాడు. ఆమె తలవంచుకుని నిలబడటం చూసి వెస్లీకి సిగ్గేసింది. అప్పటికప్పుడే లైను దిద్దాడు. వెళ్లొస్తానని చెప్పకుండానే బండెక్కాడు.

మర్నాడు పదకొండున్నరకు ఫోన్.

"మళ్ల గదే వచ్చింది," అంది మున్నీ.

వానలో తడుస్తూ వచ్చాడు. స్క్రిప్టు సరిగ్గానే ఉంది. ఫైళ్లన్నీ ఆమె పేరు మీదే ఉన్నాయి. ఎవరికీ అక్కర్లేని ఒక పాత కార్డు నమూనా ఫైలుకు మాత్రం అనుమతులన్నీ ఎవరో తీసేశారు. ఇంతకుముందు టైప్ చేసిన కమాండ్ల జాబితా తెరిచాడు. చిట్టచివరిది అదే, మున్నీ లాగిన్‌లోంచే.

"ఇది నువ్వే చేసినవ్."

"అవ్. నువ్వు నెలరోజులు చేస్తివి. నేను ఒక్కరోజు చేస్తే తప్పయిందా?"

వెస్లీ చెవులు ఎర్రబడ్డాయి. "నీకెట్ల తెలుసు?"

"స్క్రిప్టు చదివిన. రెండో వారమే దొర్కింది."

"మరి నిన్న భాయ్ గంతగనం తిడ్తుంటే చెప్పలేదేంది?"

"చెప్తే నువ్వు వస్తుంటివా?"

వెస్లీ కీబోర్డు మీంచి చేతులు తీశాడు. చొక్కా అంచునుంచి నీళ్లు కారుతున్నాయి. మున్నీ అతని వైపు చూడకుండా, ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక తన బాపు ఇంట్లోనే ఉంటాడని చెప్పింది.

"మా ఇంట్ల కంప్యూటర్ లేదు," అంది. "ఊకెనే రా."

వెస్లీ తలూపాడు. ఫైలు సరిచేయడం మరిచిపోయాడు. మున్నీయే కీబోర్డు తనవైపు లాక్కుని సరిచేసుకుంది.