కోసేసిన గరగర

దెయ్యాలు అర్ధరాత్రే తిరుగుతాయని చెప్పినవాడెవడో గానీ, వాడు మిక్సింగ్ గదిలో ఎప్పుడూ కూర్చుని ఉండడు. మా గదికి కిటికీలు ఉండవు. గోడలకి స్పాంజి, తలుపుకి రబ్బరు అంచు, మూల ఒక పసుపు లైటు. బయట ఎండ మండుతున్నా వాన కురుస్తున్నా లోపల ఒకటే వేళ. ఆ రోజు బయట మిట్టమధ్యాహ్నం. నేను లోపలికి వచ్చేటప్పుడు సన్నగా జల్లు పడుతోంది.

నేను పాటలు మిక్స్ చేస్తాను. ఎవరో పాడింది, ఇంకెవరో వాయించింది ఒకచోట చేర్చి, ఒకదాని కాలు ఇంకొకటి తొక్కకుండా సర్దుతాను. మా అమ్మ లెక్కలో ఇది పొద్దస్తమానం బొత్తాలు తిప్పే ఉద్యోగం. ఆవిడ అన్నదాంట్లో పెద్ద తప్పేమీ లేదు.

ఆ రోజు పని బయటివాళ్లది కాదు, మా అక్కది. అక్క గొంతులో గడ్డ లేచింది. మర్నాడే ఆపరేషన్. ప్రాణానికి భయం లేదు గానీ, తర్వాత కూడా ఇదే గొంతు ఉంటుందని మాటివ్వలేనని డాక్టరు చెప్పేశాడు. అందుకని అక్క తన కూతురి కోసం ఒక జోలపాట పాడి రికార్డు చేయించుకుంది. ఆ కూతురిని ఇంట్లో అందరం పిచ్చుక అంటాం. వాళ్లమ్మ పాడకపోతే పిచ్చుక కన్ను మూయదు. రేపటి తర్వాత ఏం మిగులుతుందో తెలీదు. చేతిలో ఉన్నదల్లా నా ముందున్న ఆ ఒక్క ట్రాక్.

పాడేశాక ఇక నోరు విప్పొద్దని డాక్టరు ఆర్డరు. గుసగుస కూడా పనికిరాదట. అందుకని అక్క నా వెనక సోఫాలో కూర్చుని, నచ్చితే చప్పట్లు కొడుతోంది, నచ్చకపోతే నా కుర్చీని తంతోంది. ఎక్కువగా తన్నులే. నాకు బుద్ధి తెలిశాక నువ్వింతసేపు నోరు మూసుకుని ఉండటం ఇదే చూడటం అన్నాను. దానికీ ఒకటి పడింది.

పాటలో ఒక్కటే చిక్కు. పైస్వరాలకు వెళ్లినప్పుడల్లా అక్క గొంతులో చిన్న గరగర. నాకైతే అది కూడా అక్కే అనిపించింది. తను ఒప్పుకోలేదు. ఫోన్లో టైప్ చేసి నా మొహం ముందు పెట్టింది.

"ఆ గరగర తీసెయ్‌రా. పిచ్చుకకి జబ్బు గొంతు వద్దు."

దీనికి ఈక్యూ వాడతాం. గొంతులో ఏ శబ్దం ఎక్కువైతే అది తగ్గించి, ఏది చాలకపోతే అది పెంచే సాధనం. ఈ మధ్యే ఒక మిత్రుడు కంప్యూటర్లో వేసుకునే కొత్త ప్లగిన్ పంపాడు. కొత్తదంటే కొత్తది కాదు, పాత పెట్టెకి అచ్చు. ఎక్కడో మూతపడిన స్టూడియోలో మిగిలిన ఇనప్పెట్టెను కొలిచి చేశారట. స్క్రీన్ మీద దాని బొమ్మకి ఊడిన పెచ్చులు, తిప్పే నాబ్‌ల చుట్టూ వేళ్ల మురికి కూడా గీసి పెట్టారు. లేని తుప్పు గీసుకుని మురిసిపోయే జాతి మాది. కానీ దాంట్లోంచి పంపిన గొంతుకి ఒక నిండుదనం వస్తుంది. అది మాత్రం నిజం.

ఆ పాత పెట్టెలకి ఒక వంకర ఉంది. పెంచడానికి ఒక నాబ్, తగ్గించడానికి ఇంకో నాబ్. తగ్గించినంత పెంచితే చెల్లుకు చెల్లు అయిపోవాలి కదా? అవదు. రెండూ ఒకే చోట పనిచేయవు. ఒకచోట గుట్ట లేస్తుంది, పక్కనే గుంట మిగిలిపోతుంది. ఆ వంకరంటే మాకు మోజు.

గరగర ఎక్కడుందో పట్టుకోవడానికి ముందు పెంచి వెతుకుతాం. పెంచే నాబ్ బాగా తిప్పి, గొంతునంతా పైనుంచి కిందికి మెల్లగా గాలిస్తాం. తప్పున్న చోటికి రాగానే అది చెవిలో గుచ్చుకుంటుంది. అప్పుడు దాన్ని కోసేస్తాం. దొంగ చేత అరిపించి పట్టుకోవడం లాంటిది.

అలాగే గాలించాను. దొరికింది.

పెంచి వింటే అది గరగరలా లేదు. ఎవరో పళ్ల సందుల్లోంచి గాలి పీలుస్తున్నట్టుంది. అక్క మాటకీ మాటకీ మధ్య కాదు... మాట లోపల. పాత పెట్టె రొదేలే అని నాకు నేనే సర్దిచెప్పుకుని, తగ్గించే నాబ్‌ని చివరికంటా తిప్పేశాను. పాట తోమిన గిన్నెలా శుభ్రంగా వచ్చింది.

"ఎలా ఉందక్కా?" అన్నాను వెనక్కి తిరక్కుండానే.

చప్పట్లు లేవు. తన్నూ లేదు.

తిరిగి చూశాను. అక్క నవ్వుతూ రెండు చేతులూ కలిపి గట్టిగా చప్పట్లు కొడుతోంది. చప్పుడు రావట్లేదు.

"ఆటలాపు" అన్నాను. తను నా మొహం చూసి, తన చేతుల వైపు చూసుకుంది. మళ్లీ కొట్టింది. ఇంకా గట్టిగా. అరచేతులు ఎర్రబడ్డాయి. లేచి నేల మీద కాలు తాటించింది. గోడ మీద గుద్దింది. ఏమీ లేదు... డాక్టరు మాట గాలికొదిలేసి నోరు తెరిచి అరిచింది. మెడ మీద నరాలు ఉబ్బాయి, మొహం కందిపోయింది. గది మాత్రం నిశ్శబ్దంగా ఉంది. నా ఊపిరి ఒక్కటే నాకు వినపడుతోంది.

వెళ్లి అక్క గుండె మీద చెవి ఆనించాను. నా చెంప కింద గుండె దడదడా కొట్టుకుంటోంది. తగులుతోంది... వినపడట్లేదు.

కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆ సామెత ఎవరింట్లో పుట్టిందో నాకు అప్పుడు తెలిసింది.

పరుగున వచ్చి ప్లగిన్ ఆపేశాను. తీసేశాను. స్పీకర్లలో గరగర తిరిగొచ్చింది, పాట మొదట్లో ఎలా ఉందో అలాగే. అక్కకి మాత్రం ఏదీ తిరిగి రాలేదు. తను నా భుజం పట్టుకుని ఫోన్ చూపించింది.

"తగ్గిస్తే పోయింది. పెంచు."

పెంచితే పోయిందే మళ్లీ రాదని నాకు తెలుసు. గుట్ట ఒకచోట, గుంట ఒకచోట. రోజూ చేసే పని, తెలియకపోవడమేమిటి? కానీ అక్క ఏడుస్తోంది, ఆ ఏడుపు నాకు వినపడట్లేదు. నాకింకేం తోచలేదు. ప్లగిన్ మళ్లీ తెరిచి పెంచే నాబ్ తిప్పాను.

ముందు ఊపిరి వచ్చింది. తర్వాత వెక్కు. తర్వాత నేల మీద కాలు కదిపిన చప్పుడు. నాకు కన్నీళ్లు ఆగలేదు. అప్పుడే గదిలో వాసన మొదలైంది. చాలాకాలం మూసి ఉంచిన యంత్రం వేడెక్కితే, దాని మీది దుమ్ము కాలే వాసన. నా గదిలో ఉన్నది ఒక కంప్యూటరు, అంతే.

"ఇంకొంచెం..." వెనకనుంచి గుసగుస. అక్క గొంతే. "ఇంకొంచెం పెంచు."

"గుసగుస వద్దన్నాడుగా డాక్టరు" అంటూ తిరిగాను.

అక్క రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని ఉంది. కళ్లు పెద్దవి చేసి, వద్దు వద్దని తల అడ్డంగా ఊపుతోంది.

"ఇంకొంచెం..."

మౌస్ మీది చెయ్యి తీసేశాను. స్క్రీన్ మీద నాబ్ తిరుగుతూనే ఉంది. చివరికంటా తిరిగి ఆగింది. తర్వాత పక్క నాబ్ కదిలింది... చోటు వెతికే నాబ్. పైనుంచి కిందికి. మెల్లగా. నేను వెతికినట్టే. అది కదిలేకొద్దీ అక్క ఒంట్లో ఎక్కడో ఒకచోట వణుకు లేచింది. నుదురు... దవడ... మెడ. గొంతు దగ్గరికి రాగానే ఆగింది.

ప్లగ్గు పట్టుకుని పీకేశాను. లైటు కూడా ఆరిపోయింది. చీకటి, కాలిన దుమ్ము...

"తమ్ముడూ, లైటెయ్యి" అంది అక్క గొంతు. మచ్చలేని గొంతు. ఇన్నేళ్లలో ఎప్పుడూ అంత బాగా లేదు.

మర్నాడు స్కాన్‌లో గడ్డ లేదు. డాక్టరు మళ్లీ తీయించి మళ్లీ చూశాడు. ఆపరేషన్ వద్దన్నాడు. అమ్మ అందరికీ ఫోన్లు చేసి చెప్పింది. బావ నన్ను కావలించుకుని, ఆ పాట రికార్డింగు ఇక అక్కర్లేదుగా అని నవ్వాడు. అక్క గలగలా మాట్లాడుతోంది, జోకులేస్తోంది, అందర్నీ నవ్విస్తోంది. ఆ నవ్వుల మధ్య నా వైపు తిరిగి, ఎవరూ చూడకుండా ఫోన్ స్క్రీన్ చూపించింది.

"మాట్లాడేది నేను కాదురా."

ఎవరికి చెప్పను? జబ్బు తగ్గిపోయిందని పండగ చేసుకుంటున్న ఇంట్లో, ఆ గొంతు అక్కది కాదంటే నన్ను తీసుకెళ్లి మెంటల్ వార్డులో చేరుస్తారు. ప్రాజెక్టు చెరిపేశాను. హార్డ్ డిస్కు పగలగొట్టాను. మిత్రుడికి ఫోన్ చేస్తే, తను నాకు ఏ ప్లగినూ పంపలేదన్నాడు. ఏం చేసినా అక్క నోరు దాని ఇష్టం వచ్చినప్పుడు తెరుచుకుంటుంది, దాని ఇష్టం వచ్చింది మాట్లాడుతుంది. పక్కనే కూర్చుని చూడటం తప్ప నేను చేయగలిగింది ఒక్కటీ లేదు.

నిన్న మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. బావ ఆఫీసులో ఉన్నాడు. హాల్లో అక్కా నేనూ ఒకరి పక్కన ఒకరం కూర్చున్నాం. కాసేపటికి పడగ్గదిలోంచి జోలపాట మొదలైంది. రికార్డింగేమో అనుకోబోయి, ఆ పాటని నా చేతులతోనే చెరిపేసిన సంగతి గుర్తొచ్చి ఆగిపోయాను. అక్క వైపు చూశాను. తన పెదాలు బిగించి ఉన్నాయి. వేళ్లు నా మణికట్టులో దిగబడుతున్నాయి.

అది అక్కని వదిలేసి వెళ్లింది.

ఇద్దరం పరుగెత్తి తలుపు తోశాం. గదిలో పిచ్చుక తప్ప ఎవరూ లేరు. మంచం మీద పక్కకి తిరిగి హాయిగా నిద్రపోతోంది. పాట మంచం పక్కనుంచే వస్తోంది, మా మోకాళ్లంత ఎత్తులో, ఎవరో వంగి పాడుతున్నట్టు. పిచ్చుక కుడిచెయ్యి పిడికిలి బిగించి ఉంది. ఆ పిడికిలి పూర్తిగా మూసుకోలేదు. మధ్యలో ఒక వేలు పట్టేంత ఖాళీ ఉంది, అమ్మ వేలు పట్టుకుని పడుకున్నట్టు.

అక్క కూతురి పక్కన మోకాళ్ల మీద కూలబడి, ఆ ఖాళీలోకి తన చూపుడు వేలు పోనివ్వబోయింది. పోలేదు. చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. నోరు తెరిచింది, ఏమీ రాలేదు. ఫోన్ తీసి, టైప్ చేసి నాకు చూపించింది.

"గోరు తగిలిందిరా."