సదయ్య బిగించిన నల్లవైరు

ఆదివారం పొద్దున. డ్యూటీ లేదు. గోదావరిఖని కంపెనీ క్వార్టరు ముందు సదయ్య చెమటలు కక్కుతూ కిక్కు మీద కిక్కు కొడుతున్నాడు. బండి మాత్రం ఉలకదు, పలకదు.

యాభైల నాటి ఆ ఇంగ్లండు మోటారు సైకిలును ఇంజనీరు నరసింహమూర్తి గారు రిటైరై కాకినాడ వెళ్లిపోతూ సదయ్యకు వదిలిపోయారు. ఎలుకలు కొరికిన వైర్లన్నీ పీకేసి, రెండు నెలలుగా సెలవు రోజుల్లో అతను కొత్త వైరింగు చేశాడు. బండి పుస్తకం ఇంగ్లీషులో ఉంది. అందుకని కూతురు సమ్మక్కను పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి పేజీ చదివించుకున్నాడు. ఆ పిల్లకు కరెంటు పిచ్చి అంటించింది తానేనంటే మాత్రం ఒప్పుకోడు.

సదయ్య బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్. ఇనుప వస్తువు ఏది కనిపించినా దానికి ఎర్త్ వైరు బిగిస్తే తప్ప అతనికి నిద్ర పట్టదు. కూలరు సరే, కాలితో తొక్కే కుట్టుమిషనుకూ బిగించాడు. నా పుస్తెలతాడుకు గూడ ఒకటి బిగించమని భార్య లస్మవ్వ ఎగతాళి చేసేది కానీ, అంతకు మించి అనేది కాదు. ఏడేళ్ల కింద, ఎవరింట్లోనో ఎర్త్ లేని కూలరు బాగుచేస్తూ సదయ్య జతగాడు బిక్షం అతని కళ్ల ముందే ప్రాణం వదిలాడు. బిక్షం వాడిన టెస్టరు ఇప్పటికీ దేవుడి పటాల పక్కనే ఉంది. దాన్ని ఇంట్లో ఎవరూ ముట్టుకోరు.

అలాంటి ఇంటికి మూడు రోజుల కింద ఉత్తరం వచ్చింది. సమ్మక్కకు వరంగల్ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ సీటు. సోమవారమే చేరాలి, తండ్రి సంతకం కావాలి. టైపు నేర్చుకుంటే చాలని సదయ్య కాగితం మడిచి పక్కన పడేశాడు. అప్పటినుంచి తండ్రీ కూతుళ్లకు మాటల్లేవు.

ఆ పొద్దున సమ్మక్క చాయ్ గ్లాసు పట్టుకుని బయటికొచ్చి, కాసేపు చూసి, ఇక ఆగలేకపోయింది.

"బాపూ, బాడీకి బిగించిన ఆ నల్లవైరు విప్పు."

"ఎర్త్ తియ్యమంటున్నవా?" అన్నాడు సదయ్య. "ఎర్త్ లేకనే గదా మీ బిక్షం కాక..."

"కూలరుకు కరెంటు బయటినుంచి వస్తది బాపూ. ఈ బండి తన కరెంటు తనే పుట్టిచ్చుకుంటది. ఆ వైరు బాడీకి తగిలితే, పుట్టిన కరెంటు నిప్పురవ్వ పుట్టిచ్చే ప్లగ్గు దాక పోదు. ఆ పేజీ నీకు చదివి చెప్పిన. ఎర్త్ అన్న మాట ఇనంగనే మిగతాది నువ్వు ఇనలేదు."

సదయ్యకు రోషం వచ్చింది. ఇరవై ఏళ్ల సర్వీసు తనది.

"స్టార్ట్ గాకుంటే టైపుకు పోతవా?"

"పోత. స్టార్టయితే సంతకం పెడ్తవా?"

లస్మవ్వ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎవరు గెలవాలని మొక్కుకోవాలో ఆమెకే తెలియలేదు. సమ్మక్క స్పానరుతో వైరు విప్పి, కొసకు టేపు చుట్టి పక్కకు పెట్టింది. సదయ్య కిక్కు కొట్టాడు. రెండో కిక్కుకు బండి గర్జించింది.

వాడకట్టంతా పరుగెత్తుకొచ్చింది. సదయ్య పందెం సంగతే మరిచిపోయి పెళ్లినాటిలా నవ్వుతూ లస్మవ్వ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. అంతా సంతోషించాక ఆపుదామని చూస్తే ఆపే స్విచ్చే లేదు. కంగారులో హ్యాండిల్ మీది రేజు పిడిని తగ్గించబోయి పెంచాడు. బండి స్టాండు మీదే ఎగరసాగింది. పెట్రోలు కట్టేయాలన్న సంగతి కూడా అతనికి తోచలేదు.

సమ్మక్క తాపీగా టేపు విప్పి, రబ్బరు ఉన్నచోట పట్టుకుని, వైరు కొసను బాడీకి తాకించింది. బండి టక్కున ఆగింది.

"ఆపెటందుకే బాపూ ఈ వైరు. నువ్వు దీన్ని ఎప్పటికీ ఆగి ఉండెటట్టు బిగించినవ్."

సదయ్య హ్యాండిల్ వదిలి వంగాడు. కూతురి వేళ్లు రబ్బరు దాటలేదని చూశాడు. కాళ్ల వైపు చూశాడు. ఇంటిముందు ఎప్పుడూ ఉత్త కాళ్లతో తిరిగే పిల్ల రబ్బరు చెప్పులు వేసుకుని వచ్చింది. అతనికి కళ్లు నిండాయి.

"నాకు భయమైతది బిడ్డా."

"నాకూ భయమే బాపూ. గందుకే చెప్పులేసుకున్న."

లస్మవ్వ కొంగుతో కళ్లొత్తుకుంటూ లోపలికెళ్లి, మడిచిన కాగితం, పెన్ను తెచ్చి సదయ్య చేతిలో పెట్టింది.

సాయంత్రానికి సదయ్య ఆ వైరుకు హ్యాండిల్ మీద బండి ఆపే గుండీ అమర్చాడు. సోమవారం పొద్దున్నే కూతురిని వెనక కూర్చోబెట్టుకుని రామగుండం స్టేషనుకు చేరాక గుండీ నొక్కాడు. బండి బుద్ధిగా ఆగింది. జేబులోంచి బిక్షం టెస్టరు తీసి ఆమెకిచ్చాడు.

"ఎవలు జల్ది చెయ్యమన్నా సరే, దీంతోని చూడందే దేన్నీ ముట్టకు."

సమ్మక్క దాన్ని రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకుని సంచిలో పెట్టబోయింది.

"సంచిల గాదు బిడ్డా," అన్నాడు సదయ్య. "చేతికి అందెటట్టు పెట్టుకో."