వంతు బిళ్ళ

దూరపు కొండలు నునుపు అని పెద్దలు ఊరికే అనలేదు. మార్లిస్‌కి అలాంటి కొండ ఒకటుంది. ఉత్తర విస్కాన్సిన్‌లో, పైన్ చెట్ల మధ్య, సరస్సు ఒడ్డునున్న ఒక క్యాంప్‌గ్రౌండ్. అందులో బట్టలుతికే గదికీ స్నానాల గదులకీ నడుమ ఇరుక్కున్న ఆటల గది. చిన్నప్పుడు ప్రతి వేసవీ వాళ్ళ అమ్మానాన్నలు గుడారం వేసింది అక్కడే. పెద్దవాళ్ళు బీరు తాగుతూ పేకాడుతుంటే, తడి నిక్కర్లతో, చేతినిండా చిల్లరతో పిల్లల మంద ఆ గదిలోకి దూరేది. వరసగా మెరిసే ఆట మిషన్లు, అవి చేసే గోల, గెలిచినవాడి గర్వం... ఇవన్నీ దారి పొడుగునా కూతురికి చెబుతూనే ఉంది.

"ఆ గది గురించి మురిసినంత మన పెళ్ళి గురించి కూడా మురిసిపోలేదే నువ్వు," అన్నాడు మొగుడు గోర్డీ, బండి నడుపుతూ.

"పెళ్ళిలో ఆటలేముంటాయి?" అంది మార్లిస్.

వెనక సీట్లో తొమ్మిదేళ్ళ టెస్ కిసుక్కున నవ్వింది.

తీరా వచ్చాక ముసురు పట్టుకుంది. బండి వెనక లాక్కొచ్చిన ట్రైలర్‌లో ముగ్గురూ మోకాళ్ళు తగిలేలా కూర్చుని పేకముక్కలు అరిగేదాకా ఆడారు. రెండోరోజు మధ్యాహ్నానికి టెస్ కిటికీ మీద ముక్కు ఆనించి "ఏం తోచట్లేదమ్మా" అని రాగం మొదలుపెట్టింది. గోర్డీ గుర్రుపెడుతున్నాడు. మార్లిస్ కూతురి చెయ్యి పట్టుకుని వానలోనే బయల్దేరింది. తన చిన్నతనాన్ని కూతురికి చూపించాలని ఆమెకి ఒకటే ఆత్రం.

ఆటల గది తలుపు తడికి ఉబ్బిపోయింది. భుజంతో నెడితే గానీ రాలేదు.

ముందు వాసన వచ్చింది. ఆరని తువ్వాళ్ళు, ఏనాటిదో పాప్‌కార్న్ నూనె, ఈతకొలను మందు, పిల్లల పాదాల కంపు, అన్నీ మూటగట్టి ముక్కు మీద వేసినట్టయింది. లోపలికి అడుగేస్తే కింద తివాచీ చప్పుడు చేసింది. చెప్పు పక్కనుంచి గోరువెచ్చటి నీళ్ళు ఊరి కాలివేళ్ళ సందులోకి వచ్చాయి. బయట వాన చల్లగా కురుస్తుంటే ఈ నీళ్ళు వెచ్చగా ఎందుకున్నాయో మార్లిస్‌కి అర్థం కాలేదు.

పైనుంచి ఈగల కాగితం వేలాడుతోంది. దానికి అంటుకున్న ఈగల్లో కొన్ని ఇంకా కాళ్ళాడిస్తున్నాయి. బల్ల మీద ఎవరో ఒలకబోసిన చీజు పసుపు పచ్చగా ఎండి, పగిలి, అంచుల్లో బూజు పట్టింది. అప్పుడూ ఇలాగే ఉండి ఉంటుంది. పిల్లలకి ఆట కనబడుతుంది గానీ కంపు కనబడదు.

"ఇదేనా నువ్వు చెప్పింది?" అంది టెస్ ముక్కు మూసుకుని.

"అప్పుడు బాగుండేదే," అంది మార్లిస్. తనకే నమ్మకం లేదు.

మిషన్లలో చాలావాటికి ప్రాణం లేదు. మూలనున్నది ఒక్కటే వెలుగుతోంది. సముద్రంలో మునిగి ముత్యాలు ఏరే ఆట. ఎర్ర ఉండ తొడిగిన పిడి ఎడమవైపు ఒకటి, రెండో ఆటగాడికి కుడివైపు ఒకటి. తెరమీద చిన్న బొమ్మ మనిషి బుడగలు వదులుతూ ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు తేలుతున్నాడు. మార్లిస్ గుండె ఝల్లుమంది, ముందు సంతోషంతోనే.

"ఎవరో పావలా మర్చిపోయారమ్మా," అంది టెస్.

తెర కింద గాజు అంచున, మూలకి, పావు డాలరు బిళ్ళ ఒకటుంది. చుట్టూ నల్లగా జిగట పేరుకుని అందులో కూరుకుపోయింది.

"మర్చిపోవడం కాదే, అది వంతు. ఒకళ్ళు ఆడుతుంటే తర్వాత ఆడేవాళ్ళు పావలా తెచ్చి గాజు మీద పెట్టేవాళ్ళం. వాళ్ళ వెనక వాళ్ళది పక్కన. వరసలో నించోనక్కర్లేదు, ఎటైనా తిరిగి రావచ్చు. నీ బిళ్ళ ఉన్నంతసేపు నీ వంతు ఎవడూ దాటడు. ఎంత వెధవైనా సరే, ఇంకొకడి బిళ్ళ ముట్టుకోడు."

చెబుతూనే ఆమె నోరు ఆగిపోయింది. కిప్ లండీన్ గుర్తొచ్చాడు. దొప్పచెవుల పిల్లాడు. ఇదే మిషన్. తన ముందు ఇద్దరు ఉండటం చూసి, పావలా గాజు మీద పెట్టి, "ఒక్క మునక వేసొస్తా, నా వంతు జాగ్రత్త" అని సరస్సు వైపు పరిగెత్తాడు. చీకటి పడే వేళకి శవాన్ని బయటికి తీశారు. నోటినిండా నాచు. ఆ వేసవి ఇక ఎవరూ ఆ మిషన్ ఆడలేదు. చచ్చినవాడి వంతు దాటే ధైర్యం ఎవరికుంటుంది? వాడి బిళ్ళ పక్కన పెట్టుకున్న తన పావలా తీసుకుని మార్లిస్ కూడా మర్నాడే ఇంటికి వెళ్ళిపోయింది.

ముప్పై ఏళ్ళు దాటింది. ఆ బిళ్ళ ఇది కాదులే, అనుకుంది. అయ్యుండదు.

అసలు ఆమెకి భయం కాదు వేసింది, రోత. ఆ జిగట దగ్గర కూతురు చెయ్యి పెడుతుందంటేనే ఒళ్ళు జలదరించింది. సంచిలోంచి తడి కాగితాలు తీసింది. పిడి తుడిస్తే కాగితం గోధుమరంగుకి తిరిగింది. బటన్లు తుడిచింది. చివరికి బిళ్ళ కింద గోరు దూర్చి పెకిలించింది. అది సులభంగా రాలేదు. పుండు మీది పక్కులా మెల్లగా, సాగుతూ వచ్చింది. కింద తడిగా ఉంది. ఆకుపచ్చటి పీచులాంటిదేదో బిళ్ళకి వేలాడుతూ, తెగకుండా, గాజు సందులోంచి వస్తూనే ఉంది... వస్తూనే ఉంది. సరస్సు అడుగున కుళ్ళిన బురద కంపు గుప్పుమంది.

మార్లిస్ ఓకరించింది. బిళ్ళనీ ఆ పీచునీ కాగితంలో చుట్టి చెత్తడబ్బాలో పడేసింది.

"మరి వాళ్ళ వంతో?" అంది టెస్.

"ఎవరూ లేరే. నువ్వాడుకో."

టెస్ తన పావలా వేసింది. మొదట బాగానే ఆడింది. బొమ్మ మనిషి మునిగి ఒక ముత్యం తెచ్చాడు, ఇంకోటి తెచ్చాడు. పిల్ల కేరింతలు కొడుతుంటే మార్లిస్ కంపు కూడా కాసేపు మర్చిపోయింది.

అప్పుడు తెర అడుగున రెండో మనిషి కనిపించాడు.

ఒక బిళ్ళకి ఒకడే ఆడాలి. కానీ వాడు ఉన్నాడు. ముత్యాల జోలికి పోవట్లేదు. టెస్ బొమ్మ ఎటు పోతే అటే వస్తున్నాడు.

మార్లిస్ కుడివైపు చూసింది. రెండో పిడి కదులుతోంది. ఎడమకి. కుడికి. మళ్ళీ ఎడమకి.

పాత మిషన్ కదా, వైర్లు చెడి ఉంటాయి, అనుకుంటూ పిడిని ఆపడానికి పట్టుకుంది. వెచ్చగా ఉంది. అప్పుడే ఎవరో చెయ్యి తీసినట్టు వెచ్చగా, తడిగా... ఆమె అరచేతికి మెత్తటిదేదో అంటుకుంది. నీళ్ళల్లో చాలాసేపు నానిన చర్మం పొర. వేలిముద్రల గీతలతో సహా.

అరిచి చెయ్యి లాక్కోబోయింది. పిడి ఆమె గుప్పిట్లోనే తిరిగింది. గట్టిగా. విసుగ్గా. తన ఆటకి అడ్డొచ్చినవాళ్ళని నెట్టేసినట్టు.

"టెస్, పద. చాలు."

"అమ్మా..." పిల్ల గొంతు పీలగా వచ్చింది. "రావట్లేదు."

టెస్ చెయ్యి ఎర్ర ఉండ మీద అతుక్కుపోయి ఉంది. వేళ్ళ సందుల్లోంచి పచ్చటి నీరు చుక్కలుగా తివాచీ మీద పడుతోంది. మార్లిస్ రెండు చేతులా పట్టి లాగింది. బురదలోంచి బూటు లాగినప్పుడు వచ్చే చప్పుడుతో చెయ్యి ఊడొచ్చింది. ఇద్దరూ వెనక్కి పడ్డారు. తెరమీద రెండు బొమ్మలు కాదు, ఒక్కటే ఉంది.

వానలో ఆగకుండా క్యాంప్‌గ్రౌండ్ కొట్టు దాకా పరిగెత్తారు. గల్లా వెనక వెర్నా ఉంది. ఆ క్యాంప్‌గ్రౌండ్ యజమానురాలు, మార్లిస్ చిన్నప్పటినుంచీ అక్కడే కూర్చున్న మనిషి.

"ఆ గది ఏంటి ఆంటీ అలా కుళ్ళబెట్టారు? పసిపిల్లలు తిరిగే చోటా అది? ఛీ, ఆ గాజు మీద పేరుకున్న జిడ్డు చేత్తో పెకిలించాల్సొచ్చింది నాకు!"

వెర్నా గల్లా సొరుగు మూసింది. "బిళ్ళ తీశావా?" అంది మెల్లగా.

"చెత్తలో వేశాను."

"నేనిన్నేళ్ళుగా ఆ గాజు తుడవలేదంటే ఒళ్ళు బరువనుకున్నావుటే?" అంది ముసలామె. "ఆ పావలా అక్కడున్నంత కాలం వాడు దాని దగ్గరే నించుంటాడు. ఆ తర్వాత సరస్సులో పోయిన పిల్లలూ వాడి వెనకే ఆగుంటారు. నీకు తెలుసు కదే ఆ పద్ధతి! ఇక్కడే పెరిగావు కదా!"

మార్లిస్ వెనక్కి పరిగెత్తింది. చెత్తడబ్బాలో కాగితం ఉంది, చుట్టింది చుట్టినట్టే. విప్పితే పచ్చటి తడి తప్ప ఏమీ లేదు.

గోర్డీ రుసరుసలాడుతూనే బండికి ట్రైలర్ తగిలించాడు. "చిన్ననాటి మురిపెం తీరిందా తల్లీ?" అన్నాడు గానీ, పెళ్ళాం మొహం చూసి మాట మింగేశాడు.

పొద్దు వాలకముందే రోడ్డెక్కారు. మార్లిస్ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి కూతురి చెయ్యి తుడుస్తూనే ఉంది. ఆ ఒక్క చెయ్యే తెల్లగా పాలిపోయి, వేళ్ళు ముడతలు పడి ఉన్నాయి. ఎంత తుడిచినా మళ్ళీ తడి ఊరుతోంది.

"అమ్మా," అంది టెస్ గుసగుసగా, నిద్ర కళ్ళతో. "వాడు నన్ను అడిగాడు."

"ఎవరు? ఏమడిగాడు?"

"నీ తర్వాత ఎవరని."

మార్లిస్ చెయ్యి ఆగిపోయింది. "నువ్వేమన్నావు?"

"నువ్వు చెప్పిందే చెప్పా. ఎవరూ లేరని."

కూతురి కళ్ళు మూతలు పడ్డాయి. ఎవరి బిళ్ళా ముట్టుకోకూడదని చెప్పిన నోటితోనే ఎవరూ లేరని ఎలా అంది? తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది. కంపు పోవాలని ఆ చేతులే తుడుచుకుంటూ కూర్చుంది.

దారిలో పెట్రోలు బంకు దగ్గర గోర్డీ బండి ఆపి దిగాడు. ఇంజను ఆగింది. పైకప్పు మీద వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఎక్కడో సన్నగా గాలి బుడగలు పగిలిన చప్పుడైంది.

మార్లిస్ వెనక్కి తిరిగింది. టెస్ నిద్రపోతోంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. తల ఎడమకి వాలింది. ఆగింది. కుడికి వాలింది. మళ్ళీ ఎడమకి... టక్కున, కుదుపుతో.

బండి కదలట్లేదు.

"టెస్?"

పిల్ల తల పైకి లేచింది. కళ్ళు మూసే ఉన్నాయి.

గోర్డీ తలుపు తీసి, ఎక్కబోతూ ఆగాడు. "ఛీ, ఏంటే ఈ కంపు? చేపేమైనా చచ్చిందా లోపల?"

మార్లిస్ వినలేదు. ఆమె కూతురి పక్కనున్న కిటికీ గాజు కింది అంచు చూస్తోంది. టెస్ మొహానికి దగ్గరగా, నల్లటి జిగటలో, పావలా ఒకటి అతికించి ఉంది. తడిగా.

దాని పక్కన ఇంకోటి. దాని పక్కన మరోటి. గాజు పొడుగునా, ఆ చివరి దాకా... వరసగా.