చలికి మింగని కణాలు

1983 జనవరి. పొద్దున్నే ఏజెంట్ నరసింహకి ఒళ్లు మండిపోయింది. రాత్రి తోడేసిన పాలు పాలలాగే ఉన్నాయి. అంతలో ఫోన్ మోగింది.

"పెరుగు తోడుకుందా?" అన్నాడు చీఫ్ దామోదర్. అది కోడ్ వర్డ్. 'గడ్డలా' అని బదులివ్వాలి.

"గడ్డా లేదు, పాడూ లేదు! ఛ... గడ్డలా సార్, గడ్డలా."

"శశికళ ప్లేటు ఫిరాయించింది."

ప్లెయిన్స్‌బరో ఊళ్లోని మందుల ల్యాబ్‌లో ఉంటూ, విదేశీ ముఠా కబుర్లు వీళ్లకి చేరవేసే డబుల్ ఏజెంట్ శశికళ. ఇప్పుడు ఆ ల్యాబ్ సెల్స్‌నే ఎత్తుకుపోతోందట! ఒంట్లో దూరిన క్రిముల్ని పొరతో చుట్టేసి గుటుక్కున మింగే తిండిపోతు సెల్స్ అవి. ఉన్నది ఒక్క ఫ్లాస్కే. అది పోతే వాటితో చేస్తున్న మందూ పోయినట్టే.

"ఎయిర్‌పోర్ట్‌లో ఆపాం. మూడు ఫ్లాస్కులు, మూత రంగు తప్ప మూడూ ఒకేలా ఉన్నాయి. రెండు డమ్మీలు. విదేశీ కాన్సలేట్ సామానుగా పోతోంది కాబట్టి దొంగసొత్తని తేలిన ఒక్కటే లాక్కోగలం. నువ్విప్పటికే రెండు మిషన్లు తగలేశావు. ఇదీ పోతే ఉద్యోగం ఉండదు నాయనా."

కస్టమ్స్ గదిలో శశికళ పట్టుచీర మీద ఫర్ కోటు, నల్ల కళ్లద్దాలతో కాలు మీద కాలేసుకు కూర్చుంది. పక్కన ఐస్ బాక్స్, దానికి కాపలాగా కాన్సలేట్ మనిషి. పోర్టర్ వేషంలో వచ్చిన నరసింహని చూసి నవ్వింది.

"టోపీ బాగుంది నరసింహ గారూ."

నరసింహ బూటు మడమలోంచి బుల్లి మైక్రోస్కోప్ తీశాడు. ఒక్కో ఫ్లాస్కులోంచి కాస్త తీసి, అదే రంగు మూతల బుల్లి ట్యూబుల్లో పోసి, నల్ల ఇంకు కలిపాడు. అసలు సెల్స్ ఆ ఇంకులోని నల్ల నలకల్ని మింగుతాయి, డమ్మీలు మింగవు. కాసేపాగి, ఇంకు కడిగేసి చూశాడు. మూడింట్లోనూ మింగిన జాడ లేదు. మళ్లీ చేశాడు. మళ్లీ అంతే.

"పాపం! నా ఫ్లైట్ పిలుస్తున్నారండీ," అంది శశికళ.

"దిక్కుమాలిన సెల్స్! మింగి చావొచ్చుగా!" అని అరిచాడు. ట్యూబులు పట్టుకున్న వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఐస్ బాక్స్ చలి ఇంకా వదల్లేదు. చలి... పొద్దున వంటింట్లో పాలదీ ఇదే గొడవ. వెచ్చదనం తగలందే తోడు పని చెయ్యదు. ఇవీ ప్రాణమున్నవే కదా!

"ఓరి నా బుర్ర!" ఇంకోసారి ఇంకు కలిపి, మూడు ట్యూబుల్నీ చంకలో ఇరికించుకున్నాడు.

శశికళ కళ్లద్దాలు తీసింది. "ఏం చేస్తున్నారు?"

"తోడేస్తున్నా."

లాస్ట్ కాల్ వినిపించింది. కాన్సలేట్ మనిషి ఐస్ బాక్స్ ఎత్తాడు. నరసింహ గబగబా కడిగి చూశాడు. ఎర్రమూత, ఏమీ లేదు. పచ్చమూత, ఏమీ లేదు. నీలంమూత చూశాడు. ఒక్కో సెల్ పొట్టనిండా నల్ల నలకలు!

"నీలంమూత! ఆపండి!"

అప్పటికే బాక్స్ గడప దాటుతోంది. కస్టమ్స్ వాళ్లు అడ్డం పడి ఫ్లాస్కు లాక్కున్నారు. శశికళ మొహం పాలిపోయింది.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "పెరుగు తోడుకుందా?"

"గడ్డలా సార్!"

"శభాష్! ఎలా సాధించావయ్యా?"

"చంకలో పెట్టుకుని సార్."



"ఆదివారం మా ఇంటికి భోజనానికి రా," అన్నాడు చీఫ్. "పెరుగు మాత్రం నువ్వు తేకు."