ఇస్త్రీ చేసిన కర్టెన్లు

"ఇదేంటి, బ్యాటరీ పెట్టా, శవపేటికా?" అంది చిపేగో.

లుయాందో వెల్డింగు కళ్ళద్దాలు నుదుటి మీదికి జరుపుకున్నాడు. "నువ్విచ్చిన కొలతలకే చేశాను."

"గాలి ఆడటానికి బెజ్జాలేవి? లోపల బ్యాటరీ ఉడికిపోవాలా?"

చోమా పట్టణం చివర, కరెంటు తీగ చేరని ఇంట్లో చిపేగో తనే బ్యాటరీ కడుతోందని అప్పటికే మార్కెట్టంతా తెలుసు. వాళ్ళమ్మ కరీబా సరస్సు చేపలు అమ్ముతుంది. ఈసారి కుదరకపోతే ఫ్రీజర్ అమ్మేసి మళ్ళీ ఐసుగడ్డలు తెచ్చుకుంటానని ఆమె తేల్చి చెప్పేసింది.

పెట్టెకి ఎనిమిది బెజ్జాలు కావాలి. లుయాందో రోజుకొకటి చొప్పున వేస్తూ ఎనిమిది రోజులు వాళ్ళింటికి వెళ్ళాడు.

తొమ్మిదో రోజు అక్కడ హమూంగా ఉన్నాడు. లివింగ్‌స్టన్‌లో అతనికి సోలార్ షాపుంది. చిపేగో పక్కనే స్టూలు వేసుకుని, "సూపర్ చిపేగో! ఈ వైరింగ్ ఎక్కడ నేర్చుకున్నావ్?" అంటున్నాడు. ఆమె సిగ్గుపడుతూ నవ్వింది.

లుయాందోకి కడుపులో వెల్డింగు మొదలైంది. ఎనిమిది రోజుల్లో ఒక్కసారీ తనను చూసి అలా నవ్వలేదు.

శనివారం పరీక్ష. బ్యాటరీని నింపే సోలార్ పలక తీగ తీసేశారు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా బ్యాటరీ ఒక్కటే ఫ్రీజర్ నడపాలి. అమ్మ చర్చిలో పెళ్ళికి వెళ్ళింది. పదింటికి చేపల బస్సు వచ్చిందని కబురొస్తే, హమూంగా తొట్టె ఎత్తుకున్నాడు.

"లుయా, మీటర్ చూస్తూ ఉండు," అంది చిపేగో. హమూంగా ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

కరెంటు వస్తుందన్న ఆశతో అమ్మ ముందే కొనుక్కున్న ఇస్త్రీపెట్టె బల్ల మీద ఉంది. లుయాందో దాన్నే చూశాడు. 'ఈ బ్యాటరీ సెల్స్ హమూంగా గారి షాపువేగా, ఎంతసేపు తట్టుకుంటాయో చూద్దాం!'

ముందు తన చొక్కా. తర్వాత దుప్పట్లు. ఆ తర్వాత కర్టెన్లు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి ఇన్వర్టర్ కీచుమంటోంది. ఫ్రీజర్ ఆగిపోయింది.

హమూంగా మీటర్ చూసి పెదవి విరిచాడు. "సెల్స్ బాగాలేనట్టున్నాయి చిపేగో. మొత్తం విప్పేయాల్సిందే."

"లెక్కలన్నీ నేనే వేశాను," అంది చిపేగో. "తప్పు నాదే."

లుయాందో ఉలిక్కిపడ్డాడు. "ఇవి అతని షాపు సెల్స్ కాదా?"

"ఆయన చూడటానికొచ్చాడు. సెల్స్ ఏరిందీ, కట్టిందీ నేనే."

ఆమె స్క్రూడ్రైవర్ అందుకుంది. లుయాందో చెయ్యి అడ్డం పడింది. "విప్పకు. సెల్స్ బాగున్నాయి. నేను... ఇస్త్రీ చేశాను."

"ఏం ఇస్త్రీ చేశావు?"

"కర్టెన్లు."

చిపేగో కిటికీ వైపు చూసింది. కర్టెన్ల మీద ఒక్క ముడత లేదు. "ఎందుకు?"

"నువ్వు అతనితో నవ్వుతున్నావని. నువ్వంటే నాకు ఇష్టమని."

"ఈ ముక్క చెప్పడానికి నా బ్యాటరీని చంపాలా? నోరు లేదూ?" కోపంతో ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సోమవారం మళ్ళీ పరీక్ష. అరగంటకోసారి మీటర్ అంకెలు నువ్వే రాయాలి. కుర్చీలోంచి లేచావో, చూస్కో!"

సోమవారం అతను లేవలేదు. పన్నెండింటికి ఆమె మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి వెళ్ళిపోయింది. మూడింటికి వచ్చి అంకెలు చూసింది. "రాత బాగానే ఉంది," అంది. లుయాందోకి అదే పెద్ద వరమైంది.

అయిదింటికి అమ్మ ఫ్రీజర్ తెరిచి చేపని తట్టింది. రాయిలా టకటకమంది.

"మా షాపులో చేరు చిపేగో," అన్నాడు పరీక్ష చూడటానికి ఆగిన హమూంగా. "ఆరు నెలలు పనిచెయ్. నీలాంటి వాళ్ళు మాకు కావాలి."

ఆమె లుయాందో వైపు తిరిగింది. "ఏమంటావ్?"

వద్దనాలని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. "వెళ్ళు. నీ పనితనం చోమాలోనే ఉండిపోకూడదు." హమూంగా వైపు ఓరగా చూశాడు. "కానీ స్టూలు కాస్త దూరంగా వేసుకో."

హమూంగా పగలబడి నవ్వాడు. చిపేగో నవ్వింది, ఈసారి లుయాందోని చూసి.

అమ్మ అంతా గమనిస్తూనే ఉంది. "బాబూ, మీ మేనమామలు పెళ్ళి మాటలు మాట్లాడటానికి ఎప్పుడొస్తారు? శుక్రవారం?"

లుయాందోకి పొలమారింది.

"శుక్రవారం వద్దమ్మా," అంది చిపేగో తల దించుకుని. "షాపు పని ముగిశాక లివింగ్‌స్టన్ నుంచి నా బస్సు వచ్చేసరికి ఆలస్యమవుతుంది. ఆదివారం రమ్మను."