బుగ్గన లవంగం

పొద్దుటినుంచి అది నలభయ్యో ముక్కు. కాకినాడ ఊపిరికేంద్రంలో నర్సు నూకరత్నం పని ఒక్కటే, వచ్చినవాళ్ల ముక్కు దగ్గర శ్వాససాక్షిని పట్టుకోవడం. వేలెడంత ఆ గొట్టం ఊపిరి వాసనను బట్టే లోపలి రోగం చెప్పేస్తుంది. పచ్చదీపమైతే ఇంటికి, ఎర్రదీపమైతే ఆసుపత్రికి. డాక్టర్లు రోగుల నోరు తెరిపించి చూడడం మానేసి ఇరవై ఏళ్లయింది. సాక్షి చెప్పని రోగాన్ని మనిషి చెబితే నేరం.

ఆ నియమం రాసిన కేశవరాయుడే ఇప్పుడు ఆమె ఎదుట కూర్చున్నాడు. షుగరు మనిషి, పైగా కిడ్నీ మార్చాక స్టెరాయిడ్లు వాడుతున్నాడు. ఎడమ చెంప వాచింది. పైపంటి నొప్పికని బుగ్గన లవంగం పెట్టుకున్నాడు.

పచ్చదీపం వెలిగింది.

మూడేళ్ల కిందట ఆమె భర్త గవర్రాజుకీ ఇంతే జరిగింది. అతనిదీ షుగరు ఒళ్లే. పంటినొప్పికి పెట్టుకున్న లవంగం ఘాటుకి సాక్షి బ్లాక్ ఫంగస్ బూజు వాసన పసిగట్టలేదు. అంగిట్లో నల్లమచ్చ చూసి, ముక్కు గదుల్లో బూజు పాకిందని, వెంటనే కోయించాలని రత్నం ఈ పెద్దమనిషి కాళ్లావేళ్లా పడింది. "పచ్చదీపం వెలిగింది కదమ్మా" అని పంపేశాడు. వారం తిరక్కుండా గవర్రాజు పోయాడు. లవంగం సంగతి కనిపెట్టి ఆమె పెట్టిన అర్జీలు ఎవరూ చదవలేదు.

నొప్పి కంటిదాకా లాగుతోందని, ఒకసారి నోట్లో చూడమని రాయుడు బతిమాలాడు. చూసింది. అంగిట్లో మినపగింజంత నల్లమచ్చ. ఇవాళ కోస్తే బతుకుతాడు. ఆమెకు భయం వేసింది, కానీ అంతకు మించి హాయిగానూ ఉంది.

"పచ్చదీపం వెలిగింది కదండీ" అంది. మందుల డబ్బాలోంచి మరో లవంగం తీసి అతని చేతిలో పెట్టింది.

నాలుగోరోజు రాయుడు మళ్లీ వచ్చాడు. ఎడమకన్ను మూసుకుపోయింది, చెంప నల్లబడింది. ఇక కోసినా కన్ను దక్కదు, ప్రాణమూ అనుమానమే.

"ఆవేళ ఏం కనబడింది?" అని అడిగాడు.

"నల్లమచ్చండి."

"మరి చెప్పలేదేం?"

"చెప్పకూడదని మీరే రాశారండి. నేను గవర్రాజు పెళ్లాన్ని."

"తెలుసమ్మా" అన్నాడు. "నీ అర్జీలు ఈమధ్యే చదివాను. నల్లమచ్చ సంగతి అర్థమైంది, లవంగం సంగతి కాలేదు. ఆ మచ్చ గుర్తుపట్టే మనిషివి నువ్వొక్కదానివే మిగిలావని, నీ కేంద్రం వెతుక్కుంటూ వచ్చాను."

నూకరత్నం ఆసుపత్రి బండికి కబురు పెట్టింది. మూడేళ్లలో ఆమె మాట నమ్మినవాడు అతనొక్కడే.